హారతి సహాయ కమిటీకి దొరికిన గది

మా ఊళ్లో ఐదేళ్ల పిల్లకి సాయం చేయడానికి పదకొండు మంది పెద్దలతో కమిటీ ఏర్పడిందనీ, ఆ సాయాన్ని పిల్ల తట్టుకుని నిలబడిందనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కమిటీ కార్యదర్శిని నేనే.

పిల్ల పేరు హారతి. యూకేజీ. మామూలప్పుడు నోట్లో నాలుక లేదనిపిస్తుంది. గోల ఎక్కువైతే మాత్రం చెవులు మూసుకుని బల్ల కిందికి దూరుతుంది. బయటికి లాగబోయిన చేతిని కొరుకుతుంది. ఈ ఏడాది ఇద్దరు టీచర్లనీ, ఒక ఆయానీ కొరికినా ప్రిన్సిపాల్ ప్రసన్నకుమార్ గారు పెద్దమనసుతో ఊరుకున్నారు. వార్షికోత్సవంలో ముఖ్య అతిథిని కొరికేసరికి ఊరుకోలేకపోయారు.

హారతి తల్లి నాగదుర్గ బజార్లో చేపలమ్ముతుంది. తండ్రి వేటకెళితే వారానికి గానీ ఒడ్డుకి రాడు. ప్రిన్సిపాల్ గారు ఆమెను పిలిపించి, "నెలాఖరులోపు పిల్ల మారకపోతే టీసీ పట్టుకెళ్లాలమ్మా. మా స్కూలుకి క్రమశిక్షణే ప్రాణం" అన్నారు. ఊళ్లో ఉన్న మిగతా రెండు స్కూళ్లూ పిల్లని నిరుడే చేర్చుకుని, నిరుడే పంపేశాయి. ఇదీ పోతే చదువు లేనట్టే.

సలహాల విషయంలో మా ఊరు ఎవరి మీదా ఆధారపడదు. తాయెత్తు కట్టమన్నవారు కట్టమన్నారు, రెండు తగిలించమన్నవారు తగిలించమన్నారు. మండలం నుంచి వారానికోసారి వచ్చే ప్రత్యేక టీచరు ఆశాజ్యోతి గారు మాత్రం ఏ సలహా ఇవ్వకుండా, ఆ పిల్లతోపాటు అరగంట బల్ల కింద కూర్చున్నారు. ఇంత చదువుకున్న మనిషి ఇలా చేయడం మాకెవరికీ నచ్చలేదు.

"ఇది మొండితనం కాదండీ. శబ్దం ఎక్కువైతే తట్టుకోలేకపోతోంది. అలాంటప్పుడు ఓ పది నిమిషాలు చడీచప్పుడూ లేని చోట కూర్చోబెడితే దానంతటదే సర్దుకుంటుంది. అలాంటి గది ఒకటి చూడండి చాలు" అన్నారావిడ.

"మా స్కూల్లో అలాంటి గది ఎందుకుంటుందండీ? పిల్లల అరుపులు వీధిలోకి వినపడకపోతే పాఠాలు జరగట్లేదనుకుంటారు తల్లిదండ్రులు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అందుకే కమిటీ పుట్టింది. అధ్యక్షుడిగా అచ్చిబాబు గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. మైకుసెట్ల వ్యాపారంలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవారు కనుక, శబ్దం గురించి ఆయనకి తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు.

ప్రారంభ సభకి ఎనిమిది బాక్సులు కట్టించారు. డప్పులూ, బాణసంచా ఉచితం. "ఒక్క పసిబిడ్డ కోసం మనమంతా నోరు మూసుకోవాలి! మూసుకుంటారా? వినపడలేదు, గట్టిగా!" అని అధ్యక్షులు గర్జించగా, "మూసుకుంటాం!" అని జనం చేసిన ప్రతిజ్ఞ అవతలి లంకలో అరటిగెలలు కోస్తున్నవాళ్లకి వినిపించింది. శాలువా కప్పే సమయానికి హారతి కనపడలేదు. వేదిక కింద తల్లి ఒళ్లో ముడుచుకుని ఉంది. పిల్ల చేతులు పిల్ల చెవుల మీదా, ఆ చేతుల మీద తల్లి చేతులూ. సభ అయ్యేదాకా, రెండు గంటలు, ఇద్దరూ అలాగే ఉన్నారు. నాకు సిగ్గేసింది. మినిట్స్‌లో మాత్రం రాయలేదు.

తరువాత వారం రోజులు ఆటోకి మైకు కట్టి, వీధి వీధికీ తిరిగి నిశ్శబ్దం పాటించమని చెప్పాం. ఆపైన గది కోసం సర్వే చేశాం. గుళ్లో మైకు, చర్చిలో మైకు. రెండూ అచ్చిబాబు గారివే కనుక మతాల మధ్య పోటీ సమానంగా ఉంది. కల్యాణ మండపంలో డీజే. పంచాయతీ ఆఫీసులో మైకు లేదు గానీ మెంబర్లున్నారు. ఇళ్లల్లో టీవీలు. ఊళ్లో పది నిమిషాల నిశ్శబ్దం దొరకదని తేల్చి, నివేదిక మీద పదకొండు మందిమీ సంతకాలు పెట్టాం.

నెలాఖరుకి రెండు రోజులుందనగా, స్కూలు ముందు నుంచి పెళ్లి ఊరేగింపు వెళ్లింది. అది వెళ్లాక చూస్తే హారతి క్లాసులో లేదు. నాగదుర్గ చేపల గంప అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. కాలవగట్టు పొడుగునా పిల్లని పిలుస్తూ ఆమె ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ వినపడుతూనే ఉంటుంది.

స్కూలు వెనక సందులోనే, ఓ గదిలో పిల్ల దొరికింది. బెంచీ మీద కాళ్లూపుకుంటూ ఏనుగు బొమ్మ చూసుకుంటోంది. ఎదురుగా కూర్చున్న వీరబ్రహ్మం గారు, "మూడేళ్లలో లోపలికొచ్చిన మొదటి మనిషండి. ఎలా పొమ్మంటాను?" అన్నారు. అది మా ఊరి గ్రంథాలయం, ఆయన దాని లైబ్రేరియన్. సర్వేలో అది మాకెవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు గోల ఎక్కువైతే ఆయా హారతిని అక్కడికి తీసుకెళుతుంది. పది నిమిషాల్లో పిల్ల నవ్వుకుంటూ తిరిగొస్తుంది. రెండు నెలలుగా ఎవరినీ కొరకలేదు. టీసీ మాట ఎవరూ ఎత్తడం లేదు. విజయోత్సవ సభ పెడదామని అచ్చిబాబు గారు పన్నెండు బాక్సులు సిద్ధం చేయగా, నాగదుర్గ వచ్చి, "మీకు దణ్ణం పెడతానండి బాబూ, ఇంకే సాయమూ చెయ్యకండి" అంది. సభ వాయిదా పడింది.

కమిటీకి ఇక మిగిలిన భయం ఒక్కటే, జనం చదువుకోవడానికి వస్తే ఆ గదీ పోతుంది. గ్రంథాలయానికి వచ్చినవాళ్ల పాత రిజిస్టర్లు తిరగేశాక ఆ భయమూ తీరింది. ఏ సభా పెట్టకుండా, ఎవరూ అడక్కుండా, ఇన్నేళ్లుగా ఆ గడప తొక్కని మా ఊరి ప్రజలకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. హారతి లాంటి పిల్లలు మీ ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల గది గురించి మాకు బెంగ లేదు. మీరున్నారుగా.