తెల్లసొన ఎటు పోయింది?

ఆ ఆదివారం పొద్దున ప్రేమ్‌సాగర్ వేసుకున్న ప్లాను చిన్నదే. పది రోజుల్లో మామ ఎల్లస్వామి బొగ్గుగనిలో రిటైరవుతున్నాడు. చివరి షిఫ్టు దిగగానే దండలేసి, డప్పులతో మణుగూరు క్వార్టర్‌కు ఊరేగిస్తారు. ఆ విందులో మామ చేతిలోని గ్లాసులో తను పెట్టిన నేరేడు వైనే ఉండాలి, తోడల్లుడు సాయికృష్ణది ఉండకూడదు. అంతకుమించి అతనికి ఏ కోరికా లేదు.

ఆరేళ్లపాటు ఆ ఇంటికి అల్లుడంటే ప్రేమ్‌సాగర్ ఒక్కడే. ఫ్యాను ఆగినా, అత్త ఉప్పలమ్మకు జ్వరమొచ్చినా ఫోను అతనికే వచ్చేది. రెండేళ్ల కింద చిన్నకూతురు సరితను చేసుకుని సాయికృష్ణ దిగాడు. బొగ్గు కోసం బోర్లు వేసే డ్రిల్లింగ్‌లో ఉద్యోగం, అడగకముందే పని చేసిపెట్టే గుణం. ఫోన్లన్నీ అటు మళ్లాయి. ప్రేమ్‌సాగర్‌కు కడుపు మండిపోయింది, రెండేళ్లయినా చల్లారలేదు. మొన్న జూన్‌లో సాయికృష్ణ పర్ణశాల దారిలో నేరేడు పండ్లు కొని వైన్ పెట్టాడని తెలిసి, మర్నాడే తనూ అదే దారికి బండి తీశాడు. రెండు నెలలకు సాయికృష్ణ వైన్ అద్దంలా తేటపడింది. తనది మాత్రం వానాకాలపు మురుగు కాలువలా ఉండిపోయింది.

దీనికి తోడు మామ పథ్యం ఒకటి. మోకాళ్ల నొప్పులకని ఒక ప్రకృతి వైద్యుడు నలభై రోజులపాటు జంతువు నుంచి వచ్చింది ఏదీ తాకొద్దన్నాడు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, తేనె, అన్నీ బంద్. కూరల్లో ఉప్పు కూడా వద్దన్నాడు. ఒక్క పూట తప్పినా మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి. వైన్ సంగతి వైద్యుడు చెప్పలేదు, ఎల్లస్వామి అడగలేదు. "దీన్ని వీగన్ అంటరు మామా" అని సాయికృష్ణ చెప్తే మామ మురిసిపోయి కాలనీ అంతా చెప్పుకున్నాడు. ఆ మాట తనకు ముందు తెలియనందుకు ప్రేమ్‌సాగర్ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

విందుకు కుర్చీల లెక్క తేల్చే నెపంతో అతను సాయికృష్ణ ఇంటికి వెళ్లాడు. అసలు పని ఆ వైన్ రహస్యం కనుక్కోవడం. అప్పటికే తన భార్య అరుణశ్రీ అక్కడ చెల్లెలి వంటింట్లో ఉంది. సాయికృష్ణ ముందు పసుపు ముద్దలాంటి ఆమ్లెట్ ఉంది.

"గింత పచ్చగుందేంది? తెల్లసొన ఏది?" అన్నాడు ప్రేమ్‌సాగర్.

సాయికృష్ణ నోట్లో ముద్ద ఆగింది. సరిత చూపు తిప్పుకుంది. "వేరే దానికి వాడినం బావా" అని లోపలికి వెళ్లిపోయింది.

ప్రేమ్‌సాగర్ బయటికొచ్చి బండి దగ్గరే నిలబడి ఫోను తీశాడు. వైన్‌లో తేలే మడ్డిని దింపడానికి కొందరు గుడ్డు తెల్లసొన వేస్తారట. మడ్డి దానికి అంటుకుని అడుక్కి పోతుందట. కొందరు చేప కడుపులోని గాలితిత్తితో చేసిన పొడి, కొందరు పాల నుంచి తీసిన పదార్థం వేస్తారట. అలాంటి వైన్ వీగన్ కాదట. నాలుగో పద్ధతి చదవకుండానే ఫోను జేబులో పెట్టేశాడు. కావలసింది దొరికాక ఇంకా చదవడం దేనికి? ఆ సంతోషంలో ఉండగానే వారం తిరిగేసరికి తన వైన్ కూడా తేటపడింది. తన చేతి చలవ అనుకున్నాడు.

విందు రోజున అత్తను పక్కకు పిలిచి చెవిలో ఊదాడు. "సాయి వైన్‌ల మడ్డి దిగనీకి గుడ్డు తెల్లసొన ఏసిండత్తమ్మా."

"అడుక్కి దిగిపోయింటది కదా బిడ్డా?"

"దిగితే ఏంది? తగిలింది తగిలినట్టే. మామ పథ్యం ఏం కావాలె?"

ఉప్పలమ్మ వెంటనే ఆ వైన్‌ను మామ దగ్గరి నుంచి తీయించింది. ఆమె గుడ్డు అన్నది వంటల దగ్గరికి చేరేసరికి చేపయింది. టెంటు కిందికి వచ్చేసరికి మేక రక్తమయింది. ప్రేమ్‌సాగర్ లెక్క ప్రకారం జనం ఛీ కొట్టాలి. ఎల్లస్వామితో ముప్పై ఏళ్లు పనిచేసిన దూలయ్య గ్లాసు పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఆ నాన్‌వెజ్ వైన్ ఏడ పోస్తున్రు?"

అరగంటలో సాయికృష్ణ డబ్బా ఖాళీ. ప్రేమ్‌సాగర్ వైన్ వైపు ఒక్కడు రాలేదు. అయినా అతనికి బాధ లేదు. మామకు తనే పోస్తున్నాడు, మామ మూడో గ్లాసులో ఉన్నాడు.

నాలుగోది పోయించుకుంటూ ఎల్లస్వామి చిన్నల్లుణ్ని పిలిచాడు. "ఏంది సాయీ, నా పథ్యం చెడగొడ్దామనుకున్నవా?"

"నేను గుడ్డు ఎయ్యలే మామా" అన్నాడు సాయికృష్ణ. "మట్టి ఏసిన. బోరు కాడ మేం వాడే బెంటోనైట్ మట్టి లాంటిదే, వైన్‌కని శుభ్రం చేసింది వేరే తెప్పించిన. మడ్డిని పట్టుకొని దిగుతది. జంతువుతోటి పనే లేదు."

ప్రేమ్‌సాగర్ ఉండబట్టలేక అరిచాడు. "మరి ఆ పచ్చ ఆమ్లెట్ ఏంది? తెల్లసొన ఎటు పోయింది? అందరి ముంగట చెప్పు!"

సాయికృష్ణ సరితను చూశాడు. సరిత అక్కను చూసింది. అరుణశ్రీ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"నీ డబ్బాలకే పోయింది. తిండి లేదు, నిద్ర లేదు, సాయి వైన్ సాయి వైన్ అని ఏడుస్తుంటివి. చూడలేక సరితనడిగిన. మట్టి అయిపోయింది, గుడ్డుతోటి కూడా తేటపడతదన్నది. మనింట్ల కొడితే నీకు నామోషీ అని ఈడ కొట్టినం. కొలత తెల్వక ఆరు కొట్టినం. మడ్డితోటి దిగిపోతది కదా, నాయన పథ్యానికి ఏం గాదనుకున్నం. పారెయ్యలేక పాపం సాయి తిన్నడు."

ఎల్లస్వామి గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగింది. ఆ రోజు పథ్యానికి ముప్పై ఎనిమిదో రోజు.

"అడుక్కి దిగిపోయింటది మామా..." అని గొణిగాడు ప్రేమ్‌సాగర్.

"తగిలింది తగిలినట్టే" అన్నది ఉప్పలమ్మ. "రేపటి నుంచి మళ్ల ఒకటో రోజు. ఈసారి ఈయన ఒక్కడే చెయ్యడు, తోడు ఒక అల్లుడు ఉంటడు."

"నేనుంట అత్తమ్మా" అన్నాడు సాయికృష్ణ, ఎప్పటిలాగే అడగకముందే.

"నువ్వాగు బిడ్డా. పెద్దల్లుడు ఉండంగ నిన్నెట్ల అడుగుత?"

రెండేళ్లుగా ఆ మాట కోసమే ప్రేమ్‌సాగర్ ఎదురుచూశాడు. మర్నాడు మధ్యాహ్నం ఉప్పు లేని సొరకాయ కూర అత్త అందరికంటే ముందు అతనికే వడ్డించింది.