శుక్రవారం మాస్టారి నారింజ పట్టీ

సోమవారం ఉదయం శుక్రవారం మాస్టారి పథకం మూడు ముక్కల్లో ఉంది. ఆరున్నరకు దుకాణం తలుపుకు కాగితం అంటించాలి. ఏడింటి బస్సు ఎక్కాలి. పదకొండుకల్లా సముద్రం ఒడ్డున పడుకోవాలి.

ఆయన దర్జీ. ఎవరు గుడ్డ ఇచ్చినా "శుక్రవారం వచ్చి తీసుకెళ్లండి" అంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఏ శుక్రవారమో మాత్రం చెప్పడు. చేతిలో పనితనం ఉంది, తేడా అంతా నోట్లోనే ఉంది అని ఆయన భార్య అంటుంది. ఆ మాట నిజమేనని ఆయనకూ తెలుసు. తెలిసి చేసే తప్పుకు ప్రాయశ్చిత్తం కూడా శుక్రవారమే చేసుకుందామనుకునే రకం.

కాగితం మీద "సెలవు" అని రాయబోయి ఆగాడు. దుకాణంలో పదిహేడు మంది గుడ్డలు కుట్టకుండా ఉన్నాయి. వాళ్లు ఆ మాట చదివితే తలుపు మిగలదు. అందుకని "ఆరోగ్యం బాగాలేక ఆసుపత్రిలో చేరాం, శుక్రవారం తర్వాత రండి" అని రాశాడు.

"చేరాం ఏంటి? నన్నూ కలిపారా?" అంది భార్య.

"మర్యాదకి రాశానే."

"రోగం మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. నేను సెలవులో ఉన్నాను."

పందొమ్మిదేళ్లుగా ఆ దుకాణంలో కాజాలు, గుండీలు, అంచులు ఆవిడవే. ఈ ప్రయాణం కుదిరింది కూడా ఆవిడతో చేసుకున్న ఒప్పందం మీద. సముద్రం ఒడ్డున హోటలు. గది, మూడు పూటలా తిండి, పడవ షికారు, తాగినన్ని పళ్లరసాలు, అన్నీ ఒకే టికెట్టులో. అక్కడికి అరగంట దూరంలో నగరం. మొదటి నాలుగు రోజులు ఆయన కోరినట్టు ఇసుకలో పడుకోవాలి. శుక్రవారం మాత్రం ఆవిడ కోరినట్టు నగరం చూడాలి. ట్రాము ఎక్కాలి, గడియారం స్తంభం పైదాకా ఎక్కాలి, అంగళ్ల వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి.

"ఎవరో వండి మూత పెట్టింది కాదు. నేను ఏరుకుని అడిగింది తినాలి" అని కూడా అంది.

మాస్టారు సూట్‌కేసు ఎత్తబోయి దింపాడు. "ఇందులో ఇస్త్రీపెట్టె గానీ పెట్టావా?"

"చలేస్తే కప్పుకోవడానికి."

"ఈ ఎండల్లో చలా?"

"మీకు లేదని నాకూ ముందుచూపు ఉండకూడదా?"

హోటల్లో కౌంటరు అమ్మాయి ఇద్దరి మణికట్లకీ నారింజ రంగు ప్లాస్టిక్ పట్టీలు బిగించింది. వాటి మీద కొబ్బరిచెట్టు బొమ్మ ఉంది. "ఇది తీయకండి సార్. ఇది ఉంటే ఏది అడిగినా ఇస్తారు. లేకపోతే మంచినీళ్లు కూడా ఇవ్వరు" అంది. గంటలో మాస్టారు నాలుగు గ్లాసులు అడిగి చూశాడు. ఇచ్చారు. లోకంలో చెప్పిన మాట చెప్పినట్టు జరిగే చోటు కూడా ఉందని ఆశ్చర్యపోయి, అయిదో గ్లాసు చేత్తో పట్టుకుని ఇసుకలో పడుకున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

పెద్ద సిస్టరు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ నగరంలోని పెద్దాసుపత్రిలో నర్సు. సొంతూరు మాస్టారి ఊరే కాబట్టి బట్టలు ఆయన దగ్గరే కుట్టించుకుంటుంది. ఈ శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆవిడ పదవీ విరమణ సభ. ఆ సభకు వేసుకోవడానికి నీలం కోటు కుట్టమని గుడ్డ ఇచ్చింది. ఇచ్చాక పది శుక్రవారాలు గడిచాయి.

"మాస్టారూ, ఆసుపత్రిలో చేరారట. ఏమైంది?"

మాస్టారు అబద్ధాన్ని కాగితానికి సరిపడా కత్తిరించాడు. నర్సుకు సరిపడా కాదు. "కడుపునొప్పి, సిస్టర్ గారూ."

"ఎటువైపు?"

"మధ్యలో."

"మధ్యలోంచి కుడివైపుకి దిగిందా?"

దిగితే మంచిదో దిగకపోతే మంచిదో ఆయనకు తెలియలేదు. "కొంచెం దిగిందండి."

"అయితే అపెండిక్సే. ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

"శుక్రవారం" అన్నాడు. ఆయన నోటికి వచ్చిన రోజు అదొక్కటే.

"ఆ హోరు ఏంటి?"

మాస్టారు సముద్రం వైపు చూశాడు. అది ఆగేలా లేదు. "ఆక్సిజన్ అండి."

"కడుపునొప్పికి ఆక్సిజనా?"

"ముందుజాగ్రత్తకి."

పక్క కుర్చీలో భార్య పత్రిక తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

మంగళవారం దుకాణం పక్కన ఇస్త్రీ చేసే అతను ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఇక్కడ జనం పొద్దున కడుపన్నారు, మధ్యాహ్నానికి గుండె అంటున్నారు. నన్నేం చెప్పమంటారు?"

"కడుపు చాలయ్యా."

"ఇప్పుడు తగ్గిస్తే నమ్మరండి. బ్యాంకు మేడం కళ్లనీళ్లు పెట్టుకుంది. తన జాకెట్టు గుడ్డ కుట్టకపోయినా ఫర్వాలేదట, మీ జ్ఞాపకంగా దాచుకుంటుందట."

బుధవారం సిస్టరు ఫోటో అడిగింది. మాస్టారు తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద చెయ్యి పెట్టి, కొబ్బరిచెట్టు అడుగుకు వెళ్లేలా పట్టీ తిప్పి, మణికట్టు వరకే ఫోటో తీసి పంపాడు. "పట్టీ బాగుంది. తీయకండి" అని జవాబు వచ్చింది. కౌంటరు అమ్మాయీ ఇదే మాట అన్నదని ఆయనకు తట్టింది గానీ, అప్పటికే పడవ షికారుకు పిలుస్తున్నారు.

గురువారం సాయంత్రానికి అసలు చిక్కు ఎదురొచ్చింది. మర్నాడు నగరం. నగరంలో పెద్దాసుపత్రి. ఆసుపత్రిలో సిస్టరు. ఇదంతా భార్యకు చెబితే ఆవిడ నవ్వుతుంది, చెప్పకపోతే తీసుకెళుతుంది. నవ్వును తప్పించుకోవడమే ముఖ్యమనుకున్నాడు.

"రేపు కూడా ఇక్కడే ఉందామే. అన్నీ ఇక్కడే ఉన్నాయి."

"నగరం లేదు."

"నగరంలో ఎండ."

"నాలుగు రోజులుగా మీరు పడుకుంది దేంట్లో?"

"కడుపులో కొంచెం అదోలా ఉంది."

"ఎటువైపు?" అంది భార్య.

మాస్టారు కడుపు మీది చెయ్యి తీసేశాడు.

శుక్రవారం ఆయన హోటలు దుకాణంలో గడ్డి టోపీ, నల్లకళ్లద్దాలు కొని పెట్టుకున్నాడు. పట్టీ కనబడకుండా పొడుగుచేతుల చొక్కా వేశాడు. దాన్ని కత్తిరించేసేవాడే గానీ, రాత్రి భోజనం దాని మీదే ఆధారపడి ఉంది. భార్య పెద్ద గుడ్డసంచి భుజాన వేసుకుంది. ట్రాములో ఆయన ప్రతి స్టాపులోనూ తెల్ల యూనిఫారాలు ఉన్నాయేమోనని చూస్తూ, నగరంలో మిగతా ఏమీ చూడలేదు.

"గడియారం స్తంభం. దిగండి" అంది భార్య.

దిగాడు. స్తంభం కింద నీడలో పెద్ద సిస్టరు నిలబడి ఉంది.

"మాస్టారూ."

"ఎవరండీ మీరు? పొరపడ్డారు" అన్నాడు గొంతు మార్చి.

సిస్టరు ఆయన టోపీని, కళ్లద్దాలను చూసింది. వాదించలేదు. "నా కొలతలు ఏంటి?" అని అడిగింది.

"ఛాతీ నలభై, చెయ్యి ఇరవై రెండున్నర, ఎడమ భుజం అర అంగుళం వాలు" అని నోరు తనంతట తానే అనేసింది. ఆ తర్వాత మూతపడింది.

"మీరే" అంది సిస్టరు. "మీరు మన ఊరి ఆసుపత్రిలో కదా ఉండాలి?"

"ఇక్కడికి పంపించారండి. పెద్ద డాక్టర్లు చూడాలని."

"ఇక్కడ ఏ ఆసుపత్రికి?"

మాస్టారు చుట్టూ చూశాడు. రోడ్డుకు అవతల ఒకే ఒక బోర్డు ఉంది. పెద్దాసుపత్రి. "అదే."

"ఏ వార్డు?"

"వెతుకుతున్నాం."

"నేను చూపిస్తాను పదండి. ఆపరేషన్ శుక్రవారం అన్నారుగా. ఇవాళ శుక్రవారమే." ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ పట్టు విడిపించుకున్న రోగి లేడు. మాస్టారు భార్య వైపు చూశాడు. "వెళ్లండి. ఆరోగ్యం కంటే నగరం ఎక్కువా?" అంది ఆవిడ.

గేటు దగ్గర ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ ఓపీ గదులు దాటింది. ఎక్స్‌రే గది దాటింది. మలుపు తిరగగానే తలుపు మీద "ఆపరేషన్ థియేటర్" అన్న అక్షరాలు, పైన ఎర్రదీపం కనిపించాయి. కుర్చీ నేరుగా అటే పోతోంది.

"సిస్టర్ గారూ, నాకు కడుపు లేదండి."

"కడుపు లేదా?"

"నొప్పి లేదు. ఎటువైపూ లేదు. అపెండిక్స్ బాగుంది. నేను సముద్రం దగ్గర పళ్లరసం తాగుతున్నాను. మీ కోటు కత్తిరించి మూలన పడేశాను. అబద్ధం ఆడాను."

కుర్చీ ఆగలేదు. థియేటరు తలుపు పక్క నుంచి వాలుదారిలో కిందికి దిగి, కటకటాల కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి ఆగింది. గోడ వెంట దుప్పట్లు, దిండుగలీబులు దొంతర్లుగా ఉన్నాయి. మధ్యలో కాళ్లతో తొక్కే కుట్టుమిషను ఉంది. ఆసుపత్రి గుడ్డలకు మాట్లు వేసే గది అది.

"మీ వార్డు ఇదే" అంది సిస్టరు.

భార్య గుడ్డసంచిలోంచి నీలం గుడ్డ ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. ముందు భాగాలు, వీపు, చేతులు, కాలరు, లైనింగు. తర్వాత టేపు, సుద్ద, ఆయన కత్తెర. సూట్‌కేసు బరువు ఏమిటో మాస్టారికి అప్పుడు తెలిసింది.

"ఎప్పుడు చెప్పావే?"

"ఆదివారమే. నిజం చెప్పి, కోటు నగరానికి తెస్తానని మాటిచ్చాను."

ఆయన సిస్టరు వైపు తిరిగాడు. "మరి నొప్పి కుడివైపుకి దిగిందా అని అడిగారే?"

"ఎంతదాకా దిగుతారో చూద్దామని."

"పట్టీ ఫోటో?"

"వేల మంది చేతులకి పట్టీలు కట్టాను మాస్టారూ. దేని మీదా కొబ్బరిచెట్టు లేదు. మీ పట్టీకి అటొకటి ఇటొకటి రెండు చెట్లు. ఒకటి అడుగుకి తిప్పారు, బాగానే ఉంది. రెండోది పైకొచ్చింది."

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. సభకు ఆరు గంటల ఇరవై నిమిషాలు ఉంది. "మరి మన నగరం?" అన్నాడు మాస్టారు భార్యతో.

"నేను చూస్తాను. సిస్టరు గారు చూపిస్తారు. ఆఖరి రోజు ఎవరూ పని చెప్పరట."

"కాజాలు?"

"నేను సెలవులో ఉన్నాను."

గది సగం నేలలోకి ఉండటంతో కిటికీ వీధి మట్టానికి ఉంది. అందులోంచి రెండు జతల చెప్పులు ట్రాము వైపు నడిచి వెళ్లడం చూశాడు. ఆ తర్వాత రోజంతా ఆయన నగరాన్ని చీలమండల వరకు చూశాడు. పరిగెత్తే బూట్లు, ఆగిపోయే బూట్లు, ఒకదానికొకటి ఎదురుగా చాలాసేపు నిలబడిన రెండు జతల బూట్లు. ఆ నగరంలో నూటికి అరవై ప్యాంట్లకు అంచులు సరిగ్గా కుట్టలేదని కూడా కనిపెట్టాడు.

ఒంటిగంటకు ట్రాలీ మీద పథ్యం భోజనం వచ్చింది. అందులో ఉప్పు లేదు. చొక్కా చెయ్యి పైకి లాగి పట్టీ చూపించాడు. ట్రాలీ ఆవిడ అది చూసి, ఇంకో వార్డుకు వెళ్లిపోయింది.

మూడున్నరకు కోటు కోటులా నిలబడింది. మిగిలినవి ఆరు కాజాలు. మొదటి దానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది, అదీ వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కుట్టాడు. పందొమ్మిదేళ్లలో భార్య ఎన్ని కుట్టి ఉంటుందోనని ఆలోచించబోయి, వేలికి సూది గుచ్చుకుని మానేశాడు.

నాలుగూ నలభైకి ఇద్దరూ వచ్చారు. భార్య ముక్కు ఎండకు కమిలింది. "రెండువందల పన్నెండు మెట్లు. పైనుంచి మీ సముద్రం కూడా కనబడింది. చిన్నదే" అంది.

సిస్టరు కోటు తొడుక్కుని ఇనుప బీరువా అద్దం ముందు నిలబడింది. ఎడమ భుజం కుడి భుజంతో సమంగా ఉంది. ఆవిడ గుండీలన్నీ పెట్టుకుని చూసుకుంది. "ఇన్నేళ్లూ వేసుకున్నవన్నీ ఆసుపత్రివే. ఇది నాది" అంది.

సభలో పెద్ద డాక్టరు ఉపన్యాసం ముగించి, కిందికి దిగి, ఆ కోటు కాలరు వేలితో తడిమి చూశాడు. "ఎవరు కుట్టారు సిస్టర్?"

"మా పేషెంటు" అంది సిస్టరు, మాస్టారిని చూపించి. తర్వాత ఆయన చెయ్యి అందుకుని, జేబులోంచి కట్టుగుడ్డల కత్తెర తీసింది. "ఇచ్చిన మాటకి కోటు ఇచ్చారు. ఇక ఈ పట్టీ ఎందుకు? డిశ్చార్జి చేస్తున్నాను."

"నాక్కూడా ఒకటి కావాలి. ఎప్పటికిస్తారు?" అని డాక్టరు అడిగాడు.

మాస్టారు భార్య వైపు చూశాడు. కత్తెర వైపు చూశాడు. చెప్పకూడదనుకున్నాడు.

"శుక్రవారం."

భార్య చెయ్యి చాచి సిస్టరు కత్తెరను పక్కకు జరిపింది.

"పట్టీ ఉంచండి సిస్టర్ గారూ. రాత్రి భోజనానికి కాదు, వచ్చే శుక్రవారం ఈయన్ని మళ్లీ ఇదే వార్డులో చేర్చాలి."