బుగ్గల అక్షరాల మీద కుట్ర

"నేరం ఊపిరి పీల్చే చోటికి నా ముక్కు ముందే చేరుతుంది!" అని కుర్చీ ఎక్కి ప్రకటించాడు డిటెక్టివ్ డేగకన్ను. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, తనే పెట్టుకున్నాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషికి ఎవరిస్తారు?

"దిగు బావా, అది విరిగిన కుర్చీ," అంది మరదలు.

ఆమె ఏడుపు ఆమెది. పాత సైన్‌బోర్డుల తరహాలో బొద్దు అక్షరాలు గీసి, వాటికి 'బుగ్గలు' అని పేరు పెట్టుకుంది. తలకట్లు పక్కకి వాలిన టోపీల్లా, ఒత్తులు ఉయ్యాల్లోంచి వేలాడే కాళ్లలా ఉంటాయి. వాటికి వచ్చిన తొలి ఆర్డరు కొత్త సెలూన్ పోస్టరు. గోడకంటించాక ఒక్క తలా లోపలికి రాలేదు. సాయంత్రందాకా చూసి మామూలు అక్షరాలు వేయించుకుంటానని ఓనరు తెగేసి చెప్పాడు.

"ఇది పోటీ సెలూన్ వాళ్ల కుట్ర! సిరాలో విషం కలిపారు!"

"ఈ వీధిలో ఇంకో సెలూనే లేదు బావా."

"చూశావా, ఎంత తెలివిగా దాక్కుందో!"

ఇద్దరూ సెలూన్‌కి వెళ్లేసరికి, గోడ దగ్గర ఒక ముసలాయన పోస్టరుకి ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. డేగకన్ను ఆయన చెయ్యి పట్టేశాడు. "దొరికావు! పొద్దున్నుంచి ఏం చేస్తున్నావిక్కడ?"

"చదువుతున్నా నాయనా. ఇంకా మూడో వాక్యం దాటలేదు. ఈ బొద్దుపిల్లలు ఒకళ్లమీద ఒకళ్లు పడి దొర్లుతుంటే ఎవరెవరో తెలిసి చావట్లేదు."

మరదలికి చురుక్కుమంది. పైన పెద్దగా 'రండి, కూర్చోండి!' అని రాసి ఊరుకుందా? దాని కిందే వేళలూ, ధరలూ, ఓనరుగారి గురుపరంపరా అన్నీ బుగ్గల్లోనే, చీమలంత చేసి కుక్కింది. ఆ గుంపులో పై మాట కూడా మునిగిపోయింది. తన అక్షరాలంటే అంత ముద్దు. ముద్దుంటే సరా? చదివేవాడి కళ్లు ఏ గంగలో దూకాలి?

"సాక్షి బొంకుతున్నాడు! వేలిముద్రలు పైనే ఉంటాయి!" అంటూ డేగకన్ను పోస్టరంటించినప్పటి నిచ్చెన ఇంకా అక్కడే ఉంటే ఎక్కేశాడు.

"వద్దు బావా, అది ఊగుతోంది!"

"నిచ్చెనలే నన్ను చూసి వణుకుతాయి!"

నిచ్చెన జారింది. "అమ్మో!" అని అరుస్తూ చేతికందిన కాగితం పట్టుకున్నాడు. పోస్టరు కింది భాగమంతా అతనితోపాటే చిరిగి వచ్చి ఒంటికి చుట్టుకుంది.

గోడమీద 'రండి, కూర్చోండి!' మాత్రమే మిగిలింది. చుట్టూ ఖాళీ గోడ. ఎదుటి బస్టాపులో జనం తలెత్తి చూసి ఫక్కున నవ్వారు. "భలే ఉందే!" అంటూ ఒకతను జుట్టు తడుముకుంటూ రోడ్డు దాటాడు. వెనకే ఇంకొకతను.

"ముందే ఇలా రాసుంటే ఇంతసేపు నిలబడేవాణ్ణా?" అని ముసలాయన కూడా వెళ్లి కూర్చున్నాడు.

ఓనరు కత్తెరతోనే బయటికి ఉరికాడు. "అమ్మా, ఆ బుగ్గల్ని కదపకు!"

"కదపను. అవి కేకేసి పిలవడానికే. మిగతా గోలంతా సన్నటి సాదా అక్షరాల్లో, పక్కన వేరే కాగితంమీద అంటిస్తా."

"కుట్రను చించి పారేశాను!" అంది కాగితం చుట్ట. "మరదలా, నా బిరుదులన్నిటితో బుగ్గల్లో విజిటింగ్ కార్డు వెయ్యి!"

"ఒక్క మాటే పడుతుంది బావా."

మర్నాడు కార్డు చేతికొచ్చింది. దానిమీద బొద్దుగా, నిండుగా ఒకటే మాట: 'అమ్మో!'

డేగకన్ను మీసం దువ్వాడు. "శభాష్! నన్ను చూడగానే ప్రతి నేరస్తుడూ అనేది ఇదే!"