కప్పల్లేని సొసైటీ

కప్పలు అంతరించిపోతున్నాయని కంటతడి పెట్టే ప్రకృతి ప్రేమికులారా, రుమాళ్ళు జేబులో పెట్టుకోండి! కప్పలు పోవడమే దేశానికి క్షేమం. నమ్మకపోతే ఢిల్లీ ద్వారకలో ఉండే శేషగిరి గారి సంగతి వినండి.

శేషగిరి గారు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. సెలవు రోజుల్లో తమ హౌసింగ్ సొసైటీకి ప్రెసిడెంటు. సొసైటీ వెనక గోడను ఆనుకుని ఒక పల్లపు జాగా ఉండేది. వానాకాలంలో అందులో నీళ్ళు నిలిచేవి, నీళ్ళలో కప్పలు చేరేవి. చేరినవి ఊరుకుంటాయా? మెట్లెక్కేవి. లిఫ్టు ముందు కూర్చునేవి. 2006 వానల్లో ఒక కప్ప ఏకంగా శేషగిరి గారి కారెక్కింది! ఆయన చూసుకోకుండా ఆఫీసుకి బయలుదేరారు. సిగ్నల్ దగ్గర అది ఆయన ఒళ్ళోకి గెంతింది. ఆయన రోడ్డు మీదికి గెంతారు.

"ఆ గుంట పూడ్పించి పార్కింగ్ చేయిస్తాను," అన్నారు ఇంటికొచ్చి.

కూతురు ప్రత్యూష కాలేజీలో జువాలజీ చదువుతోంది. ఇంట్లో తెలుగే గానీ కోపమొస్తే భాష హిందీలోకి మారిపోతుంది. "పప్పా, ప్లీజ్! వో కహాఁ జాయేంగే? అవెక్కడికి పోతాయి? చుట్టూ అంతా కాంక్రీటే కదా!"

"వాటికి క్వార్టర్సేమైనా అలాట్ చేశామా?"

భార్య మాణిక్యాంబ నవ్వింది. ప్రత్యూష నవ్వలేదు.

ప్రెసిడెంటు హోదాలో ఆయన ఒక్క సంతకం పెట్టారు, లారీల మీద మల్బా వచ్చింది. కూలగొట్టిన ఇళ్ళ ఇటుకలూ సిమెంటు పెళ్ళలూ గుంటలో పడ్డాయి, పైన కాంక్రీటు పరిచారు. కొన్ని కప్పలు కిందే ఉండిపోయాయి. మిగతావి రోడ్డు దాటబోయి చక్రాల కింద పడ్డాయి. ప్రత్యూష తండ్రితో మాట్లాడడం మానేసింది.

ఇక సొసైటీకి పట్టిన అదృష్టం చూడండి! గుంట పోయినా కూలర్లలో, పూలకుండీల్లో నిలిచిన నీళ్ళలో దోమలు పెరిగాయి. లిఫ్టులో కూడా పలకరించుకోని పొరుగువాళ్ళు ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద ప్రాణస్నేహితులయ్యారు. ఫాగింగ్ మెషీన్ పొగలో ఎదుటి బ్లాకు కనబడక, టికెట్టు లేకుండా సిమ్లా చూసినట్టయింది. ప్లేట్‌లెట్ అంటే ఏమిటో పాలవాడు కూడా వివరించసాగాడు. ఒక కప్ప చేయగలదా ఇంత సమాజసేవ?

తర్వాత మాణిక్యాంబకి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ప్రత్యూష స్నేహితులు వచ్చి రక్తమిచ్చారు. వార్డు బయట బెంచీ మీద శేషగిరి గారు చేతిమీద వాలిన దోమను కొట్టి, చాలాసేపు ఆ చేతినే చూసుకున్నారు.

"కప్పలుంటే ఇవి తగ్గేవా అమ్మా?"

"అన్నీ కాదు పప్పా. కొన్నిటిని తినేవి," అని ప్రత్యూష ఆయన పక్కకి జరిగి కూర్చుంది.

మాణిక్యాంబ గండం గడిచి ఇంటికొచ్చింది. సొసైటీ మీటింగులో శేషగిరి గారు పార్కింగ్ తవ్వేద్దామన్నారు. "అచ్ఛా? మరి కార్లు మీ నెత్తిన పెట్టుకుంటారా?" అన్నారు పై అంతస్తు చెన్నకేశవులు. అంతా నవ్వారు.

ఆయన తన కారు వీధిలో పెట్టుకుని, తన వాటా జాగాలో కాంక్రీటు పగలగొట్టించారు. తండ్రీ కూతుళ్ళు కలిసి గుంట తీశారు. మరుసటేడు వానలకి గుంట నిండింది. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు ఆయన దాని అంచున వంగి చూసేవారు. కప్పలు రాలేదు. దోమల ఇన్‌స్పెక్టరు వచ్చాడు!

అతను గరిటెతో నీళ్ళు తీసి, అందులో మెలికలు తిరుగుతున్న దోమ పిల్లల్ని చూపించాడు. "సాబ్, చదువుకున్నవారు. నీళ్ళెందుకు నిలవబెట్టారు?"

"కప్పలొస్తాయని భయ్యా."

"కబ్ ఆయేంగే? ఎప్పుడొస్తాయి?"

ఎలాంటి ప్రశ్నకైనా 'పరిశీలనలో ఉంది' అని జవాబు రాయగల శేషగిరి గారు గుంట అంచున వంగి నీళ్ళలోకి చూశారు. నెమ్మదిగా అన్నారు:

"పొమ్మనడానికి ఒక్క సంతకం సరిపోయింది భయ్యా. రమ్మనడానికి ఎవరి సంతకం కావాలో తెలియడం లేదు."