చేరినవి: పన్నెండు గుడ్లు

సోమవారం పొద్దున్న ముద్రగారి పథకం చాలా చిన్నది. ఏడింటికి ఆమ్లెట్ తినాలి. ఏడున్నరకు ఇల్లు కదలాలి. ఎవరూ రాకముందే నీటి సరఫరా ఆఫీసుకు చేరి, చొక్కా జేబులో ఉన్న రబ్బరు ముద్రను సొరుగులో దాని చోట పెట్టేయాలి. పదకొండింటికి పెద్దమేడం తనిఖీకి వస్తారు. తిరిగి వెళ్లేముందు ఆయన పదోన్నతి కాగితం మీద సంతకం పెడతారు. పదకొండేళ్లుగా ఉత్తరాలు అందుకునే బల్ల దగ్గరే కూర్చున్న మనిషికి ఆ ఒక్క సంతకంతో సీనియర్ గుమాస్తా కుర్చీ వస్తుంది. ఆఫీసు ముద్ర గడప దాటిందని ఆమెకు తెలిస్తే మాత్రం కుర్చీ సంగతి దేవుడెరుగు, ఉన్న బల్ల కూడా మిగలదు.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. వచ్చిన ప్రతి కాగితం మీదా "చేరినది" అని ముద్ర కొట్టి, తేదీ, వరుస సంఖ్య వేయందే ఆయనకు ఊపిరాడదు. ఒకసారి తోటి ఉద్యోగి పెళ్లి శుభలేఖ చేతికిస్తే దాని మీదా కొట్టి, "రసీదు కావాలా" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఆయన ముద్రగారు.

అంత నియమం గల మనిషి ముద్రను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడంటే కారణం ఒకటే. గుడ్లు.

గుడ్ల ధర ఆకాశానికెక్కి నెలయింది. అంతకుముందు ఆ ఇంట్లో గుడ్డుకు లెక్కాజమా ఉండేది కాదు. బడికి వెళ్లే కూతురు ఉడికించినది ఒకటి జేబులో వేసుకునేది, అత్తగారు సాయంత్రం రొట్టెతో తినేవారు, భార్య నిలబడే వంటగదిలో ఏదో ఒకటి కానిచ్చేది. ధర పెరిగిన రోజున ముద్రగారు అందరినీ కూర్చోబెట్టి ప్రకటించాడు. వారానికి పన్నెండు. మనిషికి మూడు. ఆయనకు సోమ, బుధ, శుక్రవారాల్లో ఆమ్లెట్. మిగిలిన ముగ్గురికీ మంగళ, గురు, శనివారాలు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. దాని మీదా ముద్ర కొట్టేవాడే, ముద్ర ఆఫీసులో ఉండిపోయింది.

ఏర్పాటు బాగానే ఉంది. కానీ ప్రతి శుక్రవారం ఆయన ఆమ్లెట్ తిని లేచేసరికి డబ్బా ఖాళీగా కనిపించేది. శనివారం వంతు గుడ్లు ఏమయ్యాయో ఎవరూ చెప్పరు. మూడు వారాలు ఓపికపట్టి, మొన్న శనివారం కొత్త డజను రాగానే ఆయన వాటన్నిటి మీదా ముద్ర కొట్టాడు. "నీటి సరఫరా కార్యాలయం, చేరినది", కింద తేదీ, దాని కింద ఒకటి నుంచి పన్నెండు దాకా సంఖ్యలు. గుండ్రటి దాని మీద గుండ్రటి ముద్ర ముద్దుగా కుదిరింది. తన పనికి తానే మురిసిపోయాడు.

సోమవారం పొద్దున్న బల్ల దగ్గర కూర్చుని, ఆమ్లెట్ ముక్క నోట్లో పెట్టుకుంటూ డబ్బా తెరిచి లెక్కపెట్టాడు. ఏడే ఉన్నాయి.

"నాకు వేసింది ఒకటి. ఇంకా పదకొండుండాలి. నాలుగేవి?"

భార్య పొయ్యి తుడుస్తోంది. "తింటూ లెక్కలేంటండీ. చల్లారిపోతుంది."

"ముద్ర ఉన్న గుడ్డు కూడా మాయమైందంటే ఈ ఇంట్లో ఎవరికీ భయంలేదన్నమాట. అత్తయ్యగారూ, మీరేమన్నా చూశారా?"

"నాకు చత్వారం బాబూ," అన్నారు అత్తగారు. "దగ్గరున్నవి కనబడవు."

"నువ్వు?"

"నాకసలు పచ్చసొనే ఇష్టం లేదు నాన్నా," అంది కూతురు, ఆయన పళ్లెం వంక కన్నార్పకుండా చూస్తూ.

ముద్రగారు ముగ్గురినీ విడివిడిగా విచారించాడు. ఫ్రిజ్ వెనక చూశాడు. పొదుపు గురించి నాలుగు మంచిమాటలు చెప్పాడు. మధ్యమధ్యలో ఆమ్లెట్ తిన్నాడు. పెద్దది కావడం వల్ల అది అయ్యేసరికి ఎనిమిదిన్నరయింది.

నాలుగు గుడ్లలో రెండింటి సంగతి మాత్రం వీధి మొత్తానికి తెలుసు. ఆదివారం ఎదురింటి పిన్నిగారు కేకు చేద్దామని వచ్చి రెండు గుడ్లు అడిగింది. ఏడో నంబరు, ఎనిమిదో నంబరు ఇచ్చింది ముద్రగారి భార్య. "ఎంతమ్మా" అని పిన్నిగారు పర్సు తీస్తే, పొరుగామె దగ్గర మండిపోయే ధర తీసుకోవడానికి మొహమాటపడి, "పాత ధరే ఇవ్వండి, చాలు" అంది. పిన్నిగారు ఇంటికెళ్లి గుడ్డును వెలుతురులో తిప్పి చూసింది. ప్రభుత్వ ముద్ర. తేదీ. నంబరు. పాత ధర. ముద్రగారు పనిచేసేది ఏ ఆఫీసులోనో ఆమెకు తెలుసు. ఇక ఆలోచించాల్సిన పనేముంది. ఏడో నంబరును కేకులో కొట్టి, ఎనిమిదో నంబరును చేతిరుమాల్లో చుట్టుకుని వీధిలోకి నడిచింది.

ముద్రగారు రొప్పుకుంటూ ఆఫీసు చేరేసరికి గేటు నుంచి మెట్ల దాకా నలభైమంది బారులు తీరి ఉన్నారు. బుట్టలు, గిన్నెలు, ఒకావిడ చేతిలో పిల్లల టోపీ. జనం కనబడితే టోకెన్లు ఇవ్వడం వాచ్‌మన్‌కు అలవాటు కాబట్టి అందరికీ ఇచ్చేశాడు.

"ఏంటిది?" అన్నాడు ముద్రగారు నీరసంగా.

"గుడ్లకండీ. మీకు తెలీదా?" అన్నాడు వాచ్‌మన్. "నాకూ ఒక టోకెన్ పెట్టుకున్నాను."

అప్పటికే సూపరింటెండెంటు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పైవాళ్ల ముందు తనకు తెలియని సంగతి ఉందని ఒప్పుకోవడం కంటే చావు మేలనుకునే మనిషి. ముద్రగారిని చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

"గుడ్లు పంచమని పైనుంచి ఉత్తరం వస్తే నా బల్ల మీద ఎందుకు పెట్టలేదయ్యా?"

"అలాంటి ఉత్తరం రాలేదండీ."

"రాకపోతే నలభైమంది ఎలా వచ్చారు?"

"అది, అసలేం జరిగిందంటేనండీ..."

"ఏం జరిగిందో తర్వాత. ముందు వెతుకు."

ఆఫీసు ఆఫీసంతా వెతికింది. బీరువాలు తెరిచారు, పాత కట్టలు విప్పారు. ఎప్పుడో పోయిందనుకున్న గొడుగు దొరికింది, ఉత్తరం దొరకలేదు. గడియారం పదిన్నర కొట్టేసరికి సూపరింటెండెంటు ఒక నిర్ణయానికి వచ్చి, ఒక కాగితం మీద గబగబా రాసి ముద్రగారి ముందు పెట్టాడు. "గుడ్లు ఇంకను అందలేదు. అందిన వెంటనే వరుసక్రమంలో పంచబడును."

"కొట్టు ముద్ర."

ముద్రగారు చుట్టూ చూసి, జేబులోంచి ముద్ర తీసి కొట్టి, ఆ చేత్తోనే దాన్ని సొరుగులోకి జారవిడిచాడు. పొద్దుటి పథకం అలా నెరవేరింది. అప్పటికి దానివల్ల ఉపయోగం మాత్రం లేకుండా పోయింది.

పెద్దమేడం కారు సరిగ్గా పదకొండింటికి ఆగింది. ఆమె మెట్ల దగ్గర అంటించిన ఆ నోటీసు ముందు నిలబడి రెండుసార్లు చదివారు.

"గుడ్లా?"

"తమ ఆఫీసు ఉత్తర్వే కదా మేడం," అన్నాడు సూపరింటెండెంటు వినయంగా. "అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తున్నాం."

పెద్దమేడం జనం వైపు చూశారు. నలభైమంది వింటున్నారు. తన ఆఫీసు ఉత్తర్వు తనకే తెలియదని ఎలా అంటారు?

"అవునవును. నేను చూశాను," అన్నారు. "మంచి ఉత్తర్వు."

అంతవరకు క్యూలో మొదట నిలబడ్డ ఎదురింటి పిన్నిగారు ముందుకొచ్చి చేతిరుమాలు విప్పింది. "అందలేదంటారేంటమ్మా? శనివారమే వచ్చాయిగా. ఇదిగో, తేదీతో సహా."

పెద్దమేడం కళ్లజోడు సర్దుకుని చదివారు. "చేరినది. ఎనిమిది." తలెత్తి సూపరింటెండెంటు వైపు చూశారు. "వచ్చినవి ఏవి మరి?"

సూపరింటెండెంటు ముఖం పాలిపోయింది. మరుక్షణమే వెలిగింది. "స్టోరు గుమాస్తా మేడం. వచ్చిన సరుకంతా అతని చేతిలోనే ఉంటుంది. నాకెప్పటినుంచో అనుమానం."

స్టోరు గుమాస్తా రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. ముప్ఫయ్యేళ్లలో ఒక గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్లలేదు. దొరికిన గొడుగు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ముద్రగారు ఆయన్ని చూశాడు. పదోన్నతి కాగితం ఉన్న ఫైలును చూశాడు. ఇంకోసారి ఆయన్నే చూశాడు.

"మేడం, అవి మా ఇంటి గుడ్లండీ. ముద్ర నేనే కొట్టాను."

"ఎందుకు?"

"మాయమైపోతున్నాయండీ."

క్యూలో ఎవరో నవ్వాపుకోలేకపోయారు. పెద్దమేడం నవ్వలేదు. "లోపలికి రండి. జరిగినదంతా సంజాయిషీ రాసివ్వండి."

ముద్రగారికి ఏది రాసినా పూర్తిగా రాయడమే వచ్చు. ధర పెరిగిన రోజు నుంచి మొదలుపెట్టి రెండు పేజీలు నింపి ఇచ్చాడు. పెద్దమేడం తాపీగా చదువుతూ రెండో పేజీ మధ్యలో ఆగారు.

"'అంతట పెద్దమేడంగారు ఆ ఉత్తర్వును తాము చూచినట్లు సెలవిచ్చిరి.' ఈ వాక్యం అవసరమా?"

"జరిగిందేగా మేడం. వరుసలో వచ్చిందని రాశాను." ఆయన గొంతులో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఈ కాగితం మీద చేరినదని ముద్ర కొట్టారా?"

"ఇంకా లేదండీ. ఇప్పుడే..."

"వద్దు." ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో వేసుకున్నారు. "ముద్ర ఎక్కడుంది?"

"సొరుగులోనండీ."

"అయితే అది ఎక్కడికీ వెళ్లలేదు. అర్థమైందా?"

ముద్రగారికి అర్థం కాలేదు. అయినా తలూపాడు.

గుడ్లు లేవని తేలినా బయట జనం కదల్లేదు. టోకెన్ చేతిలో ఉంటే ఊరికే వెళ్లబుద్ధి కాదు. పెద్దమేడం వరండాలో కుర్చీ వేయించుకున్నారు. "ఇంతదూరం వచ్చారు. నీళ్ల పనులేమైనా ఉంటే చెప్పండి."

నలభైమందికీ ఉన్నాయి. ఒకరి కొళాయి ఏడాదిగా కారుతోంది, ఒకరికి నీళ్లే రావు, ఇంకొకరింట్లో మనిషి లేడు గానీ బిల్లు వస్తోంది. పెద్దమేడం ఎదురుగా కూర్చుంటే ఫైళ్లకు కాళ్లొచ్చాయి. సాయంత్రం నాలుగింటికల్లా నలభై పనులూ తేలిపోయాయి. అందరూ ఖాళీ గిన్నెలతో నవ్వుకుంటూ ఇళ్లకెళ్లారు. పిన్నిగారు మాత్రం వెనక్కొచ్చి, "సాక్ష్యం పనైపోతే నా గుడ్డు నాకివ్వండి" అని తీసుకెళ్లింది. కారెక్కబోతూ పెద్దమేడం పదోన్నతి కాగితం అడిగి, బానెట్ మీద పెట్టి సంతకం చేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో ముద్రగారు కథంతా చెబితే అత్తగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"సరే, రెండు పిన్నిగారికెళ్లాయి," అన్నాడు ఆయన. "మిగతా రెండూ? ఇన్ని వారాలవీ?"

భార్య తల్లి వంక చూసింది. తల్లి మనవరాలి వంక చూసింది.

"ధర పెరిగిన మొదటి సోమవారం మీకు ఒక్క గుడ్డుతోనే వేశానండీ," అంది భార్య. "మీరు పళ్లెం వంక చూసి, 'ఒంట్లో బాగాలేదా నీకు' అని అడిగారు. జాలేసింది. అమ్మ తన వంతులోంచి వేసేయమంది. మన పిల్ల కూడా. అప్పట్నుంచి మీ ఆమ్లెట్‌కి మూడేసి. మేం ముగ్గురం వారానికి తలా ఒకటి."

"నాకు పచ్చసొన చాలా ఇష్టం నాన్నా," అంది కూతురు. "పొద్దున అబద్ధం చెప్పా."

ముద్రగారు లేచి, ఫ్రిజ్ తలుపుకున్న కాగితాన్ని చించి, మిగిలిన ఏడు గుడ్లూ భార్య చేతిలో పెట్టాడు. అందులో ఆరింటిని ఉడికించి, ఆ పూట ముగ్గురూ తలా రెండేసి తిన్నారు. ఆయన పక్కన కూర్చుని పెంకులు ఒలిచిపెట్టాడు. ప్రతి పెంకు మీదా సగం ముద్ర కనబడుతూనే ఉంది.

బుధవారం పొద్దున్న ఏడో గుడ్డుతో వేసిన ఆమ్లెట్ అరచేతంత వెడల్పున పళ్లెంలోకి వచ్చింది. సీనియర్ గుమాస్తాగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎటువంటి అభ్యంతరమూ లేకుండా స్వీకరించారు.