సెలీనియపు గింజకోట ముట్టడి

గోడమీది గడియారాలకు తమలో తమకు పొత్తు కుదరక, ముసలిది పదకొండున్నర అంటే పక్కనున్నది పదకొండూ నలభై అని వాదులాడుకునే ఒకానొక ఆదివార పూర్వాహ్ణవేళ, మూసిన తలుపుల ఇరుకు దుకాణంలో, ముప్పై ఆరేళ్లుగా ఒకే కుర్చీని సింహాసనంగా ఏలుతున్న సూక్ష్మయంత్రకోవిదుడు, ఏకనేత్ర భూతద్దధారి, కేశరహిత మస్తకశోభితుడు అయిన గడియారాలాయన సమరానికి కూర్చున్నాడు.

ఎదుట బల్లమీద శత్రువు. మూడంచులది, బొటనవేలంతది, కపిలవర్ణ కఠినకవచధారి. పేరు బ్రెజిల్ నట్.

వైరానికి మూలం రక్తపరీక్ష. సెలీనియం తక్కువగా ఉందని తేలింది. "రోజుకి కావాల్సింది చిటికెడు ఉప్పులో వెయ్యో వంతుకన్నా తక్కువే. అదీ లేకపోతే థైరాయిడ్‌కి ఇబ్బంది. రోజుకో బ్రెజిల్ నట్ తినండి, దాన్లో అది బోలెడు, చాలు. మంచిదని గుప్పెళ్లకొద్దీ తింటే మాత్రం గోళ్లు పెళుసవుతాయి, జుట్టు ఊడుతుంది" అంది డాక్టరమ్మ.

"ఊడడానికి ఉండాలిగా" అన్నాడాయన.

భార్య చిప్పతో ఉన్న గింజలే కొన్నది. ఆయన మొదటి మూడింటినీ పటకారుతో పిండిపిండి చేశాడు. "వయసొచ్చింది, చేతులు ఇంక మాట వినవు. కుర్చీ మా తమ్ముడికి ఇచ్చెయ్యండి" అందామె. ఏడాదిగా అంటున్న మాటే. ఆరోజు మాత్రం ఆయన నోరు జారింది. "ఆదివారంలోగా ఒక్క గింజని గాటు పడకుండా బయటికి తియ్యలేకపోతే, కుర్చీ వాడిదే."

పోయిన నెలలో వాచీలోని వెంట్రుకంత స్ప్రింగు రెండుసార్లు సన్న పట్టుకారులోంచి జారిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా. పైకి అనని భయాన్ని మనిషి ఇలాగే పందెంగా మార్చి నలుగురి ముందూ పెడతాడు. అందువల్ల బల్లమీద ఉన్నది గింజ కాదు, ముప్పై ఆరేళ్ల తీర్పు.

ప్రథమాస్త్రంగా పటకారు ప్రయోగింపబడింది. శత్రువు దాని దవడల్లోంచి తప్పించుకుని, గాలిలో వలయం తిరిగి, బీరువా కింద తలదాచుకుంది. కుర్చీ మీదే కన్నేసి పక్కన కాచుకున్న బావమరిది దాన్ని చీపురుతో లాగాడు.

"ఇటివ్వు బావా. తలుపు సందులో పెట్టి ఒక్క నొక్కు నొక్కేస్తా."

అప్పుడా మహావీరుడు భూతద్దం నుదుటికి ఎత్తి గంభీరంగా పలికాడు. "ఓరి కవాటయోధుడా, గింజని తలుపుతో పగలగొట్టేవాడి చేతికి రేపు వాచీ ఇస్తే బండకేసి బాదుతావు. పక్కకి జరుగు, వెలుతురు అడ్డం."

"జరుగుతా. కుర్చీలోంచి నువ్వెప్పుడు జరుగుతావో చెప్పు."

ద్వితీయాస్త్రం బల్లకు బిగించిన పట్టుడ, మర తిప్పితే ఇనుప దవడలు దగ్గరయ్యే సాధనం. మర తిప్పబోతే వేళ్లు వణికాయి. ఆయన ఆగిపోయాడు. తుప్పుతో బిగుసుకున్న వాచీ మూతని తానెన్నడైనా బలంతో తీశాడా? వేడి చేసేవాడు, ఓపిక పట్టేవాడు. భార్య మీది కోపంలో తన విద్య తానే మరిచాడు. ఓడిస్తున్నది చేతులు కాదు, పంతం.

"కాస్త నీళ్లు మరిగించు" అన్నాడు, తీర్పు చూడ్డానికొచ్చి కూర్చున్న భార్యతో.

"టీ కోసమా?"

"వాడికి స్నానానికి."

పది నిమిషాలు మరిగే నీటిలో మునిగి, కవచగర్వం సడలి బయటికొచ్చిన శత్రువును పట్టుడలో నిలిపి, పావు చుట్టు తిప్పి ఆగి, మరో పావు తిప్పి చెవి ఒగ్గి, చిటుక్కుమన్న చోట వాచీ మూతలు లేపే పలుచటి కత్తి దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క అంచూ విప్పగా, మూడో చిప్ప రాలింది. దంతవర్ణపు పప్పు సంపూర్ణంగా అరచేతిలో పడింది.

భార్య భూతద్దం లాక్కుని పరీక్షించింది.

"ఇక్కడ గాటుంది అక్కా" అన్నాడు తమ్ముడు.

"అది తొక్కరా. గాటేదో తొక్కేదో తెలియనివాడివి, నీకు కుర్చీ ఎందుకు?" అని, పప్పు మొగుడి నోటికి అందించింది. "తినండి. రేపు తొమ్మిదింటికి దుకాణం తెరవాలి."

ఈ విధంగా, పటకార్ల బలగమూ గిన్నెడు మరిగిన నీరూ నలభై నిమిషాల కాలమూ వెచ్చించి, ఆ ధీరోదాత్తుడు బొటనవేలంత దుర్గాన్ని భేదించి, కంటికి కనబడనంత సెలీనియాన్ని జయించి, సాంతం నమిలి మింగెను. మూడు లోకాలకూ తెలియుగాక: ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ పదికి, లేదా పన్నెండూ ఇరవైకి, ఆయన ఒక గింజ తినెను.