సదరు భాగం

మానవ శరీరంలో ఎన్ని భాగాలున్నాయన్నది ఇకపై వైద్యులు తేల్చే విషయం కాదనీ, అది పూర్తిగా ఆసుపత్రి టోకెన్ యాప్ పరిధిలోకి వస్తుందనీ పదజాల మర్యాదా సంఘం వారు తీర్మానించారు. తీర్మానం ప్రకారం మనిషికి నలభై రెండు భాగాలు. కనుబొమ్మ ఉంది. మడమ ఉంది. చెవి తమ్మె ఉంది (ఎడమది, కుడిది విడివిడిగా). రొమ్ము లేదు. మర్యాదస్తులు పైకి అనలేని భాగానికి జబ్బు చేసే ధైర్యం ఉండదని సంఘం అభిప్రాయం.

ఈ తీర్మానం సంగతి తెలియక ఒక మంగళవారం పొద్దున టైలరమ్మకి గడ్డ తగిలింది.

టైలరమ్మ ఇరవై రెండేళ్లుగా మెట్ల కింద కొట్లో రెండు మిషన్లు పెట్టుకుని యూనిఫారాలు కుడుతోంది. ఊళ్లో సగం మంది ఛాతీ కొలతలు ఆవిడకి నోటికొచ్చు. ఆ రోజు స్నానం చేస్తుంటే వేలికి గుండీ లాంటిదేదో తగిలింది. బట్ట కింద గుండీ ఉండిపోయిందేమో అనుకుంది. తీరా చూస్తే ఒంటి మీద బట్టే లేదు.

"ఏమండీ, నా రొమ్ములో గడ్డ ఉంది," అంది బయటికొచ్చి.

బస్సు డ్రైవరైన మొగుడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. సర్వీసులో ఎన్నడూ సడన్ బ్రేకు వేయని మనిషి. పక్కనే కూర్చున్న ఆడపడుచు మాత్రం చప్పున లేచి కిటికీ మూసింది. ఆవిడ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది (ఒక్క పాఠం తప్ప. దాన్ని ఇంటి దగ్గర చదువుకోమంటుంది).

"వదినా, 'అక్కడ' అనొచ్చుగా!"

"ఎక్కడమ్మా?"

"అబ్బా, అక్కడే."

"నేను 'అక్కడ' అంటే డాక్టరు ఎక్కడ చూడాలి?"

యాప్‌లో ఎంత వెతికినా దొరక్క టైలరమ్మ 'ఛాతీ' నొక్కింది. 'దగ్గుతోనా, దగ్గు లేకుండానా?' అని అడిగింది యాప్. 'లేకుండా' అంటే, 'దగ్గు లేకుండా ఛాతీ విభాగానికి వచ్చుటకు గల కారణములు తెలుపుము' అంది. అక్కడి కుర్ర డాక్టరు వీపు మీద గొట్టం ఆనించి, ఊపిరి పీల్చమని, వదలమని, దగ్గు మందు రాసిచ్చాడు.

"నాకు దగ్గు లేదు బాబూ."

"మంచిదే కదండీ. మందు తొందరగా పనిచేస్తుంది."

వారం గడిచింది. దగ్గు రాలేదు, గడ్డ పోలేదు. టైలరమ్మ ఈసారి సందేహ నివృత్తి అధికారి కిటికీ ముందు లైన్లో నిలబడింది.

"ఏ భాగం?"

"రొమ్ము."

లైను లైనంతా ఫ్యాను వంక చూసింది. అధికారి గబగబా మైకు ఆపేసి, కాయితం మీద 'సదరు భాగం' అని రాసుకున్నాడు.

"సదరు అంటే ముందు చెప్పినది అని కదండీ అర్థం? ముందు ఎక్కడ చెప్పారు?"

"ఎక్కడా చెప్పలేదమ్మా. మర్యాదంటే అదే."

వెనకాల ఫైళ్లు పట్టుకుని వెళుతున్న పెద్ద నర్సు ఇదంతా విని ఆగింది. టైలరమ్మ చెయ్యి పట్టుకుని, "రండి, స్కాన్ గది తలుపుకి యాప్ బిగించలేదు ఇంకా," అని లోపలికి తీసుకెళ్లింది.

స్కానింగు, సూది పరీక్ష, పది రోజుల ఎదురుచూపు అయ్యాక కేన్సరని తేలింది. రెండో దశ.

"దాచకుండా చెప్పండి డాక్టరుగారూ," అంది టైలరమ్మ. "కుట్టు విప్పి సరిచేయడమా, ముక్కే తీసేయడమా?"

"ముక్కే తీసేయాలమ్మా," అంది సర్జనమ్మ. "కుట్టు మాత్రం మీరు పేరు పెట్టలేనట్టు వేస్తాను."

తిరుగు ప్రయాణంలో టైలరమ్మ బస్సు చివరి సీట్లో కూర్చుని ఆరు స్టాపుల దూరం ఏడ్చింది. ఏడో స్టాపులో టికెట్ల తనిఖీ అధికారి ఎక్కాడు. టికెట్టు ఎక్కడ పెట్టిందో వెతుక్కోవాల్సి రావడంతో ఏడుపు అక్కడితో ఆగింది.

ఆపరేషన్ అంగీకార పత్రంలో మళ్లీ చిక్కొచ్చింది. 'సదరు భాగము: కుడి (రోగి వైపు నుండి) / కుడి (అధికారి వైపు నుండి)' అని ఉంది. ఎడమ అన్న మాట స్థలాభావం వల్ల వేయలేదట. టైలరమ్మ చాలాసేపు ఆలోచించి, సంచిలోంచి మార్కింగు సుద్ద తీసి, తన ఒంటి మీదే ఒక పక్క 'ఇది', రెండో పక్క 'ఇది కాదు' అని రాసి, చుట్టూ గీత గీసుకుంది. సర్జనమ్మ చూసి, "చెయ్యి భలే నిలకడగా ఉందే!" అని మెచ్చుకుంది. 'ఇది' పోయింది. 'ఇది కాదు' మిగిలింది.

తర్వాత కీమో. జుట్టు రాలింది, నోరు చేదెక్కింది, వేళ్లు మొద్దుబారాయి. ప్రతిసారీ హాజరు కోసం యాప్‌కి మొహం చూపించాలి. గుండుతో చూపిస్తే, 'మీరు మీరు కాదు. దయచేసి మిమ్మల్ని వెంటబెట్టుకు రండి' అంది. పెద్ద నర్సు తన వేలితో నొక్కి లోపలికి పంపేది (ఆసుపత్రి లెక్కల్లో ఆ ఆరు నెలలూ కీమో నర్సుకే జరిగింది).

సూదిలో దారం ఎక్కించడం చేతకాక టైలరమ్మ ఒకరోజు సూదిని గోడకేసి కొట్టింది. మొగుడు వెళ్లి, దాన్ని వెతికి తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఇరుకు సందుల్లో బస్సు తిప్పే మనిషికి ఆ దారం ఎక్కించడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

"డ్యూటీకి వెళ్లేముందు రోజూ పది సూదులు ఎక్కించి పెట్టి వెళతానులే," అన్నాడు.

"రెండు గంటలు ముందు లేవాలి మరి," అంది టైలరమ్మ. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వారు.

ఏడాది తిరిగేసరికి రిపోర్టులు శుభ్రంగా వచ్చాయి. నెత్తి మీద కొత్త జుట్టు ఉంగరాలు తిరిగింది. టైలరమ్మ ఆసుపత్రి సలహాల పెట్టెలో ఒకే ఒక్క మాట రాసి వేసింది. పదజాల మర్యాదా సంఘం దాని మీద నాలుగుసార్లు సమావేశమైంది (మొదటి మూడుసార్లూ చీటీ పైకి చదివేవారు లేక వాయిదా పడింది). చివరికి నలభై మూడో భాగంగా రొమ్మును చేర్చారు. దుర్వినియోగం కాకుండా, అది నొక్కితే ఇంటిపెద్ద ఫోనుకి ఓటీపీ వెళ్లే ఏర్పాటు కూడా చేశారు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆడపడుచు కొట్టుకొచ్చింది. బడి వదలకముందే వచ్చింది. కొలతల గదిలోకి వెళ్లి తెర లాగేసుకుంది.

"వదినా, ఒకసారి రా."

"ఏం కుట్టాలమ్మా?"

ఆడపడుచు గోడ వైపు తిరిగి నిలబడింది. "నా... రొమ్ములో... గడ్డలా ఉంది వదినా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలైంది. ఎలా చెప్పాలో తెలియలేదు."

టైలరమ్మ సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే వదిలేసి కొట్టు మూసింది. బస్సులో ఆడపడుచు యాప్‌లో నలభై మూడు నొక్కింది. ఓటీపీ వాళ్లాయనకి వెళ్లింది. ఆయన ఆ సమయంలో ఆఫీసులో సమయపాలన మీద జరుగుతున్న సమావేశంలో ఉన్నాడు, ఫోను మూగబోయి ఉంది. టైలరమ్మ ఆగలేదు. టోకెన్ల హాలు మధ్యలోంచి ఆడపడుచు చెయ్యి పట్టుకుని నేరుగా పెద్ద నర్సు దగ్గరికి లాక్కెళ్లింది.

సర్జనమ్మ స్కాన్ తెర మీద గడ్డను కొలిచింది. "ఉంది. కానీ చిన్నదే. సూది పరీక్ష ఈ రోజే చేసేద్దాం," అంది. "ఇంకో మూడు నెలలు సిగ్గుపడి ఉంటే నాకు పని పెరిగేది."

ఆడపడుచు వదిన భుజం మీద తల పెట్టేసింది. అప్పుడే చేతిలో ఫోను టింగుమంది. యాప్ నుంచి వర్తమానం.

'ఇంటిపెద్ద అనుమతి నిర్ణీత సమయంలో రానందున మీ గడ్డ రద్దు చేయబడినది. ధన్యవాదాలు.'